అప్పులవాడు తలుపు తట్టకముందే

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: 2 రాజులు 4:1-7, మత్తయి 5:25, 26

 

మా సంఘములో ఒక అలవాటు ఉన్నది. మీ సంఘములలో కూడా ఉండే ఉంటుంది. ఎవరైనా కొత్త కారు కొంటే ఆదివారమున దానిని నేరుగా మందిరపు ఆవరణములోనికి తెస్తారు. ఆరాధన ముగిసిన తరువాత తాళపుచెవులు నా చేతిలో పెడతారు. నేను కారు మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తాను. పిల్లలకు మిఠాయిలు పంచుతారు. వెనుక అద్దము మీద "దేవుని బహుమానము" అని అప్పటికే అంటించి ఉంటుంది. ఇట్టి ప్రార్థనలు ఎన్ని చేశానో నాకు లెక్క లేదు. కాని కారు పోయిన దినమున ప్రార్థనకు నన్ను పిలిచినవారు ఒక్కరు కూడా లేరు. వాయిదాలు తప్పి, ఫోన్ మ్రోగితే గుండె ఝల్లుమని, కారును ఎవరి కంటా పడకుండా బంధువుల ఇంటి వెనుక నిలుపుకొన్న విశ్వాసులు మన మధ్యనే కూర్చుని పాటలు పాడుతున్నారు. వారి కొరకే ఈ ఉదయము ఈ వర్తమానమును సిద్ధపరచుకొన్నాను.

మనము చదువుకొన్న వాక్యభాగములో ఒక విధవరాలు కనబడుతుంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవుని యెడల భయభక్తులు గలవాడు. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు. గమనించండి, భక్తి గలవాని ఇంటిలో కూడా అప్పు ఉండవచ్చును. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొని పోవడానికి సిద్ధముగా ఉన్నాడు. అప్పుడామె ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టింది. ఎలీషా ఏమి చేశాడు? "ప్రార్థన చేస్తానమ్మా, వెళ్లిరా" అని పంపివేయలేదు. నేను నీకేమి చేయాలని అడిగి, వెంటనే ఇంట్లో ఏమి మిగిలి ఉన్నదో చెప్పమన్నాడు.

ప్రియులారా, ఈ మాట చదివినప్పుడెల్లా నా మనస్సు నన్ను గద్దిస్తుంది. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవాలి.

మా సంఘములో ఒక సహోదరుడు ఉన్నాడు. పేరు చెప్పను, ఈ సంగతి చెప్పడానికి ఆయనే నాకు అనుమతి ఇచ్చాడు. కంపెనీ ఉద్యోగులను ఇంటి నుండి ఆఫీసుకు చేర్చే పనికి పెట్టుకోవడానికి ఆరు లక్షలు రుణము తీసికొని కారు కొన్నాడు. 60 వాయిదాలు, నెలకు 12,750 రూపాయలు. 24 నెలలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టాడు. తరువాత ఆ కంపెనీ కాంట్రాక్టు ఆగిపోయింది. మొదటి వాయిదా తప్పిన నెలలోనే, ఆదివారము అందరూ వెళ్లిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ నెల కట్టలేకపోయాను. వచ్చే నెల కూడా కట్టలేనేమో" అన్నాడు. నేను ఆయన భుజము మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. "విశ్వాసముంచు తమ్ముడూ, దేవుడు ఇచ్చిన కారును దేవుడే కాపాడతాడు" అని ధైర్యము చెప్పి పంపాను. అంతే. ఇంకా ఎంత బాకీ ఉన్నది, కారు ఈ రోజు అమ్మితే ఎంత వస్తుంది, హామీ ఎవరు పెట్టారు - ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నా మాట నమ్మి ఆయన కనిపెట్టాడు. ఫైనాన్సు వారి ఫోన్లు ఎత్తడము మానేశాడు. వచ్చిన ఉత్తరములు విప్పకుండా బైబిలు క్రింద పెట్టేవాడు. ఎనిమిదవ నెలలో, పెండ్లివారిని ఎక్కించుకొని వెళ్తుండగా నడిరోడ్డు మీద నలుగురు మనుష్యులు కారు ఆపారు. పెండ్లివారిని దింపేశారు. ఏవో కాగితముల మీద సంతకములు అడిగితే సిగ్గుతో చదవకుండా పెట్టేశాడు. సాయంకాలము నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. నేనేమన్నానో తెలుసా? "పోనీలే తమ్ముడూ, కారు పోతే పోయింది, అప్పు పీడ వదిలింది" అన్నాను. అదియు తప్పే. రెండు నెలల తరువాత నోటీసు వచ్చింది. వడ్డీ, జరిమానాలు, ఇతర ఖర్చులు కలిపి బాకీ 4,35,000. వేలములో కారుకు వచ్చినది 3,10,000. మిగిలిన 1,25,000 కట్టాలని ఆ నోటీసు. కారు లేదు, అప్పు మాత్రము ఉన్నది. అదే నోటీసు హామీ సంతకము పెట్టిన ఆయన బావగారికి కూడా వెళ్లింది. ఆయన పింఛను మీద బ్రతికే వృద్ధుడు, మా సంఘ పెద్దలలో ఒకరు. ఆ తరువాత వచ్చిన మొదటి ఆదివారమున ఆ రెండు కుటుంబములు మందిరములో చెరియొక ప్రక్కన కూర్చున్నాయి. ప్రభువు బల్లకు రమ్మని నేను పిలిచినప్పుడు ఇద్దరూ లేవలేదు. రొట్టె పట్టుకొన్న నా చెయ్యి వణికింది.

వేదాంత కళాశాలలో నాకు గ్రీకు భాష నేర్పారు, హెబ్రీ భాష నేర్పారు. రుణపు లెక్కల కాగితము చదవడము ఎవరూ నేర్పలేదు. ఆ ఆదివారము తరువాత నేర్చుకొన్నాను. ఆ విధవరాలు చేసిన మూడు పనులను ఆధారము చేసికొని, నేర్చుకొన్నది మీతో పంచుకొంటాను.

మొదటిది, ఆమె చెప్పుకొన్నది. అప్పులవాడు ఇంకా కుమారులను తీసికొని పోలేదు, పోవడానికి వస్తున్నాడు. ఆ మధ్యనున్న కొద్ది సమయములోనే ఆమె పరుగెత్తింది. మన ప్రభువు కూడా మత్తయి 5వ అధ్యాయములో ఇదే బుద్ధి చెప్పాడు. ప్రతివాదితో కలిసి న్యాయాధిపతి దగ్గరకు నడుస్తున్నావా? ఆ దారిలోనే అతనితో రాజీపడు. గుమ్మము దాటిన తరువాత చివరి కాసు వరకు కట్టవలసి వస్తుంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట కొద్రాంతెస్, అనగా రోమా నాణెములలో మిక్కిలి చిన్నది. ప్రభువుకు అప్పుల సంగతి ఎంత బాగా తెలుసో చూడండి!

వాయిదా తప్పిన మొదటి నెలకును నాలుగవ నెలకును చాలా తేడా ఉన్నది. మన దేశములో బాకీ 90 రోజులు దాటితే బ్యాంకులు ఆ రుణమును మొండి బాకీగా లెక్క కడతాయి. దానికి ముందే ఆఫీసుకు వెళ్లి, "నా ఆదాయము ఇది, నా కష్టము ఇది, వాయిదా తగ్గించి గడువు పెంచగలరా?" అని అడిగితే వినేవారు ఉంటారు. వ్రాతపూర్వకముగా అడగండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. చెక్కు గాని ఖాతా నుండి వెళ్లే వాయిదా గాని డబ్బు లేక తిరిగివచ్చి లాయరు నోటీసు వస్తే దానిని విప్పకుండా దాచవద్దు. అందిన దినము నుండి 15 రోజులలోగా ఆ మొత్తము చెల్లిస్తే కోర్టు కేసు తప్పుతుంది. విప్పని నోటీసు మీద ఎంత ప్రార్థించినా ఆ 15 రోజులు ఆగవు.

రెండవది, ఆమె లెక్క చూసుకొన్నది. ఇంట్లో ఏమీ లేదు, ఒక నూనె కుండ తప్ప అన్నది. ఉన్నది ఉన్నట్లు చెప్పింది. మీరు కూడా రుణమును ముందుగానే ముగించాలంటే ఈ రోజు మొత్తము ఎంత కట్టాలో లెక్క ఇమ్మని అడగండి. దానినే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అంటారు. అందులో మిగిలిన అసలు ఎంత, తప్పిన వాయిదాలు ఎన్ని, జరిమానా ఎంత, ముందుగా ముగించినందుకు వేసే రుసుము ఎంత - ఇవన్నీ విడివిడిగా ఉండాలి. అది ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా చూడండి. స్థిరమైన వడ్డీ మీద ఇచ్చిన కారు రుణమునకు ఒప్పందములో వ్రాసి ఉన్న రుసుము ఉండవచ్చును. జరిమానా విషయములో, 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశము 2024లో అమలులోనికి వచ్చింది. తప్పిన వాయిదాకు వేసే జరిమానాను అసలులో కలిపి దాని మీద మరల వడ్డీ వేయకూడదు. మీ లెక్కలో అట్లు కనబడితే మర్యాదగా అడగండి. అడగడము పాపము కాదు.

ఇక్కడ ఒక భ్రమను తీసివేయాలి. "కారు అప్పగిస్తే అప్పు తీరినట్లే" అని మనలో చాలామంది అనుకొంటారు. నేనును అట్లే అనుకొన్నాను. బ్రిటన్‌లో ఉన్న మన పిల్లల దగ్గర విన్నవారు కూడా అట్లు చెబుతారు. అక్కడ 1974 నాటి వినియోగదారుల రుణ చట్టము ప్రకారము, హైర్ పర్చేజ్ పద్ధతిలో కారు తీసుకొన్నవారు మొత్తము ధరలో సగము వరకు కట్టి, కారు అప్పగించి ఒప్పందమును ముగించుకోవచ్చును. అక్కడ కూడా కంపెనీ తానే ఒప్పందము రద్దు చేయకముందు తెలియజేయాలి; ఆలస్యము చేస్తే ఆ హక్కు పోతుంది. మన దేశములో సాధారణముగా ఇచ్చే కారు రుణము వేరు. కారు మీది, అప్పు మీది, కారు తాకట్టులో ఉన్నది. ఆర్.సి. మీద ఆ సంగతి వ్రాసి ఉంటుంది. కారు అప్పగిస్తే దానిని అమ్మి వచ్చినది బాకీలో తగ్గిస్తారు. మిగిలినది మీరే కట్టాలి. అందుచేత కాగితము చదవకుండా సంతకము పెట్టవద్దు.

మూడవది, ఆమె అమ్మి తీర్చింది. నూనె పాత్రలన్నీ నిండిన తరువాత ప్రవక్త చెప్పిన క్రమము చూడండి. మొదట అమ్మడము, తరువాత అప్పు తీర్చడము, ఆ తరువాతనే మిగిలిన దానితో బ్రతకడము. అద్భుతము జరిగిన ఇంటిలో కూడా అప్పు తీర్చవలసిన పని మిగిలే ఉన్నది.

మా సంఘములో ఇంకొక సోదరి, పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్తకు జబ్బు చేసి రెండు వాయిదాలు తప్పాయి. ఆమె అప్పు కూడా ఇంచుమించు అంతే. ఈసారి నేను ప్రార్థన చేసి, "అమ్మా, కాగితములు తీసికొని రా" అన్నాను. లెక్క అడిగితే అన్నీ కలిపి 4,17,000 తేలింది. కారు నడిచే స్థితిలో ఉండగానే, ఫైనాన్సు వారికి ముందుగా చెప్పి, ఆమె తానే కొనేవారిని వెదకి 4,30,000కు అమ్మింది. కొన్నవారు బాకీ మొత్తమును నేరుగా రుణ ఖాతాలోనే జమ చేశారు. ఆమె చేతికి మిగిలినది 13,000 మాత్రమే. ఆ రోజు నుండి బస్సులో బడికి వెళ్తున్నది. "అయ్యగారూ, ఎన్నో నెలల తరువాత ఫోన్ మ్రోగితే భయము లేకుండా ఎత్తాను" అని సాక్ష్యము చెప్పింది. నాకు అది గొప్ప సాక్ష్యము.

అమ్మేవారు రెండు సంగతులు మరువవద్దు. ఒకటి, "వాయిదాలు నేను కట్టుకొంటాను, బండి ఇచ్చేయి" అని చెప్పేవారికి నోటి మాట మీద కారు ఇవ్వవద్దు. రిజిస్ట్రేషను మీ పేరున ఉన్నంతవరకు ప్రమాదము జరిగితే యజమాని మీరే అని సుప్రీంకోర్టు 2018లో ఒక కేసులో స్పష్టముగా చెప్పింది. రెండు, బాకీ తీరిన తరువాత నో అబ్జెక్షన్ పత్రము, ఫారం 35 తీసికొని రవాణా శాఖలో తాకట్టు నమోదును కొట్టివేయించండి. పూర్తిగా తీర్చిన 30 రోజులలో పత్రములు తిరిగి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. కొంత తగ్గించి రాజీ చేసికొంటే రుణ చరిత్రలో "సెటిల్డ్" అని పడుతుంది. పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని పడుతుంది. రేపు పిల్లల చదువుకు రుణము అడిగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. రాజీ తప్పు కాదు గాని తెలిసి చేసికోండి, వ్రాతపూర్వకముగా చేసికోండి.

ప్రియులారా, అప్పు తీసుకొన్నవానికే కాదు, ఇచ్చినవానికి కూడా దేవుడు హద్దు పెట్టాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చదవండి. తిరుగటిరాయిని తాకట్టు పట్టకూడదు, ఎందుకనగా అది ఆ ఇంటి జీవనాధారము. తాకట్టు కొరకు అప్పులవాడు ఇంటిలోనికి చొరబడకూడదు; బయట నిలబడాలి, ఇంటివాడే తెచ్చి ఇవ్వాలి. బీదవాని గుమ్మమునకు దేవుడు ఎంత గౌరవమిచ్చాడు! మన దేశపు న్యాయస్థానము కూడా ఆ హద్దు మరువలేదు. గూండాలను పెట్టి వాహనములు లాక్కోవడము చెల్లదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత వసూలు కొరకు ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో అవమానపరచకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆజ్ఞాపించింది. అట్లు జరిగితే మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. మీరు బాకీ పడ్డారు గాని మనుష్యులు కాకుండా పోలేదు.

ఫైనాన్సు కంపెనీలలో వసూళ్ల పని చేసే యౌవనస్థులు కూడా ఈ కార్యక్రమము వింటున్నారని నాకు తెలుసు. తమ్ముడూ, నీ ఉద్యోగము నీవు చెయ్యి. కాని గుమ్మము బయట నిలబడు.

హామీ సంతకము పెట్టిన వారికి ఒక మాట. సామెతలు 6వ అధ్యాయములో హామీ ఉన్నవాడు నిద్రపోకుండా వెళ్లి, తగ్గించుకొని బ్రతిమాలి, వేటగాని చేతిలో నుండి లేడి తప్పించుకొన్నట్లు తప్పించుకోవాలని జ్ఞాని చెబుతున్నాడు. బావమరిది వాయిదా తప్పాడని తెలిసిన దినమునే వెళ్లి అడగండి. అప్పు తీసుకొన్న వారలారా, హామీ ఇచ్చినవారికి మీరే ముందుగా చెప్పండి. నోటీసు ద్వారా తెలిస్తే పోయేది డబ్బు మాత్రమే కాదు.

చివరిగా సంఘమునకు ఒక మాట. ఆ విధవరాలికి దేవుడు నూనె ఇచ్చాడు, కాని పాత్రలు ఇచ్చినవారు ఇరుగుపొరుగువారు. వట్టి పాత్రలే! మా సంఘములో ఇప్పుడు లెక్కలు తెలిసిన ఇద్దరు విశ్వాసులు, బ్యాంకులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, ఆదివారము సాయంత్రము ఒక గంట కూర్చుంటున్నారు. ఎవరైనా కాగితములు తెచ్చుకోవచ్చును. వారు డబ్బు ఇవ్వరు. చదివి పెడతారు, తోడు వెళ్తారు, విన్నది బయటకు చెప్పరు. అది వట్టి పాత్రే గాని దేవుడు దానిని నింపుతున్నాడు.

ఆ సహోదరుని సంగతి ఏమైనదని మీరు అడుగుతారు. నేను, ఆయన, ఆయన బావగారు ముగ్గురము కలిసి ఆ ఆఫీసుకు వెళ్లాము. దారిలో ఆటోలో వారిద్దరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. లెక్క విప్పి అడిగితే జరిమానాలలో కొంత తగ్గించి, మిగిలినది నెలనెలా కట్టడానికి ఒప్పుకొన్నారు. ఆయన ఇప్పుడు వేరొకరి కారు నడుపుతున్నాడు. ఇంకా నాలుగు వాయిదాలు ఉన్నాయి. నేను సంఘము ముందు నిలబడి, "విశ్వాసము పేరుతో ఈ సహోదరుని ఆలస్యము చేసినది నేనే" అని ఒప్పుకొన్నాను. మొన్నటి నెల ప్రభువు బల్ల దగ్గరకు ఇద్దరూ వచ్చారు. చెరియొక చివర నిలబడ్డారు, కాని వచ్చారు. అంతవరకు దేవునికి స్తోత్రము.

ప్రియ శ్రోతలారా, విప్పని ఉత్తరము మీ ఇంట్లో ఉంటే ఈ రోజే విప్పండి. భార్యకు చెప్పని బాకీ ఉంటే ఈ రోజే చెప్పండి. పాస్టరుగారూ, మీ దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకొన్నవానిని ప్రార్థనతో మాత్రమే పంపవద్దు. ఇంట్లో ఏమున్నదో అడగండి. ఈసారి మందిరములో కొత్త కారుకు ప్రార్థించేటప్పుడు, దానిని అమ్మవలసి వచ్చిన దినమున కూడా మనలను పిలిచే ధైర్యము ఆ కుటుంబమునకు కలుగునట్లు ప్రార్థిద్దాం.

ప్రార్థన చేసుకొందాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, మా అప్పులన్నియు ఎరిగిన దేవా, భయముతో ఈ ఉదయము మేల్కొన్న ప్రతి ఇంటిని జ్ఞాపకము చేసికొనుము. ఉన్నది ఉన్నట్లు చెప్పుకొనే ధైర్యము దయచేయుము. అమ్మవలసినది అమ్ముటకును, తీర్చవలసినది తీర్చుటకును, మిగిలిన దానితో తృప్తిగా బ్రతుకుటకును కృప ననుగ్రహించుము. అప్పు ఇచ్చినవారికి కనికరమును, మా సంఘములకు వినే చెవిని ఇమ్ము. మా ఋణపత్రమును సిలువపై తీర్చిన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.